కత్తెర పట్టలేని చేయి: నాన్నది ఏ రకం మోటార్ న్యూరాన్ జబ్బు?

ప్రశ్న: చిక్కడపల్లిలో నాన్నకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. వయసు 59. ఎనిమిది నెలల క్రితం కుడిచేత్తో కత్తెర నొక్కలేకపోతున్నానన్నారు. తర్వాత సూదిలో దారం ఎక్కించడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. బొటనవేలి మొదట్లో కండ కరిగిపోయింది. ఇప్పుడు ఎడమచేయి కూడా మొదలైంది. భుజాల మీద, తొడల మీద చర్మం కింద పురుగు పాకినట్టు కండలు అదురుతున్నాయి. నొప్పి, తిమ్మిరి లేవు. మెడ ఎమ్మారై చూసి ఎముకలు అరిగాయని ఒక డాక్టరు ఆపరేషన్ చేయాలన్నారు. నరాల డాక్టరు వద్దని చెప్పి, సూది పరీక్ష చేయించి, ‘ఎం.ఎన్.డి.: పి.ఎం.ఎ.? ఎ.ఎల్.ఎస్.?’ అని రాశారు. చేతుల రిఫ్లెక్సులు 3+ అని కూడా రాసి ఉంది. నెట్‌లో వెతికితే ఏడెనిమిది రకాలు, ఒక్కోదానికి ఒక్కో ఆయుష్షు కనిపించాయి. ఏది నాన్నదో తెలియక నిద్ర పట్టడం లేదు. మా పెదనాన్న కొడుక్కి 19వ ఏట ఎడమచేయి సన్నబడి, మూడేళ్లకు దానంతట అదే ఆగిపోయింది. ఇప్పుడు నలభై దాటాయి, ఉద్యోగం చేసుకుంటున్నాడు. నాన్నదీ అలాగే ఆగుతుందని ఇంట్లో అందరి ఆశ. నాకూ నా పిల్లలకూ ఇది వస్తుందా? నాన్నకు ‘నరాల బలహీనత’ అనే చెప్పాం. షాపు మూసేయమంటారా?
ఒక కూతురు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో రిపోర్టు కంటే ముందు నన్ను ఆపిన మాట ‘కత్తెర’. మీ నాన్నగారు దర్జీ కాబట్టి జబ్బు ఇంత తొందరగా బయటపడింది. గుమస్తాకైతే సంతకం కాస్త వంకర పోతుంది, వయసు మీద పడిందిలే అనుకుని ఏడాది గడిపేస్తాడు. కత్తెర నొక్కాలంటే బొటనవేలి మొదట్లోని ఉబ్బెత్తు కండ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న కండ రెండూ గట్టిగా ఉండాలి. మోటార్ న్యూరాన్ జబ్బు, అంటే కండలను కదిలించే నాడీకణాలు చెడే జబ్బు, చేతిలో మొదలైనప్పుడు తరచుగా ఈ రెండే ముందు కరుగుతాయి. చిటికెనవేలి వైపు కండ చాలాకాలం నిండుగానే ఉంటుంది. ఒకసారి ఆయన చేతులు రెండూ బల్ల మీద పెట్టించి, అటూ ఇటూ తిప్పి చూడండి. ఈ తేడా కనిపిస్తే అది మెడ అరుగుదల కంటే మీ నరాల డాక్టరు చెప్పినవైపే మొగ్గు చూపుతుంది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయినా బొటనవేలి కండ కరుగుతుంది, అయితే అంతకుముందే వేళ్లలో తిమ్మిరి వచ్చి రాత్రుళ్లు నిద్ర లేపుతుంది. మోచేతి దగ్గర నరం నొక్కుకుంటే చిటికెనవేలు మొద్దుబారుతుంది. మీ నాన్నగారికి తిమ్మిరే లేదన్నారు. స్పర్శ చెడకుండా బలం మాత్రమే పోవడం ఈ జబ్బులకు ఉమ్మడి లక్షణం. కనుగుడ్ల కదలికా, మలమూత్రాల మీద అదుపూ కూడా సాధారణంగా చెడవు.

కండలు అదరడం గురించి ఒక్క మాట. కన్ను అదిరితే శకునం చూసే మనవాళ్లు, ఈ జబ్బు గురించి చదివాక తొడ అదిరినా హడలిపోతున్నారు. బలం తగ్గకుండా, కండ కరగకుండా, ఉత్త అదురు మాత్రమే ఉంటే అది నూటికి తొంభైపాళ్లు కాఫీ, అలసట, నిద్రలేమి, ఆందోళనల వ్యవహారం. ఇది మీ నాన్నగారి గురించి చెప్పడం లేదు. మీ ఉత్తరం చదివి ఇప్పుడు తమ కాళ్లు తడుముకుంటున్న ఇతర పాఠకుల కోసం చెబుతున్నాను.

ఇక రకాల సంగతి. నెట్‌లోని పట్టికలు జబ్బుల పేర్లు వరసగా రాసి ఎదురుగా సంవత్సరాలు వేస్తాయి. రైల్వే టైంటేబుల్లో బండి వెతికినట్టు మనం అందులో మన పేరు వెతుక్కుంటాం. డాక్టరు అలా వెతకడు. ఏ వరస నాడీకణాలు చెడుతున్నాయి, ఒంట్లో ఎక్కడ మొదలై ఎంత వేగంగా పాకుతోంది అని చూస్తాడు. పేరు ఆ తర్వాత వస్తుంది, ఒక్కోసారి మారుతుంది కూడా.

మీ ఇంట్లో అందరికీ తెలిసిన లెక్కలోనే చెబుతాను. పెద్ద టైలరింగ్ షాపులో కొలతలు తీసి గుడ్డ కత్తిరించే మాస్టరు ముందుంటాడు, లోపల మిషన్ల మీద కుట్టేవాళ్లు ఉంటారు. మెదడు పైపొరలో ఉండే పై వరస కణం ఆ మాస్టరు. వెన్నుపాములోనో మెదడు కాండంలోనో కూర్చున్న కింది వరస కణం కుట్టేవాడు. కండను నేరుగా తాకేది కుట్టేవాడే. అతను లేకపోతే కండ దిక్కులేనిదై కరుగుతుంది, అదురుతుంది, వదులవుతుంది, సుత్తితో తట్టినా పలకదు. మాస్టరు లేకపోతే జరిగేది వేరు. ఆయన పని చెప్పడమే కాకుండా ‘ఇక చాలు’ అని అదుపు కూడా చేస్తుంటాడు. ఆ అదుపు పోతే కండ అంతగా కరగదు, బిగుసుకుపోతుంది. అడుగు బరువవుతుంది. మోకాలి కింద తడితే కాలు ఎగిరిపడుతుంది. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తుంది.

ఈ రెండు వరసలూ కలిసి దెబ్బతినేది ఎ.ఎల్.ఎస్. ఫ్రెంచి వైద్యుడు షార్కో 1874లో పెట్టిన ఆ పొడుగాటి పేరులోనే రెండూ ఉన్నాయి. ‘అమయోట్రోఫిక్’ అంటే కండ పోషణ లేక కరగడం, అది కింది వరస నష్టం. ‘లాటరల్ స్క్లీరోసిస్’ అంటే వెన్నుపాము పక్కభాగం గట్టిపడడం, పై వరస తంతువులు దిగివచ్చే దారి అదే. పెద్దవాళ్లలో కనిపించే మోటార్ న్యూరాన్ జబ్బుల్లో ఎక్కువ భాగం ఇదే. మూడింట రెండు వంతుల మందికి ఒక చేతిలోనో ఒక కాలిలోనో మొదలవుతుంది. కాల్లో అయితే చెప్పు జారిపోవడం, మెట్టు తట్టుకుని పడడం మొదటి గుర్తులు. మిగిలినవారిలో చాలామందికి నోట్లో మొదలవుతుంది.

కింది వరస ఒక్కటే దెబ్బతింటే పి.ఎం.ఎ. అంటారు, ‘ప్రోగ్రెసివ్ మస్క్యులర్ ఎట్రోఫీ’. మగవాళ్లలో ఎక్కువ. కండ కరగడం, అదరడం ఉంటాయి కానీ బిగుతు ఉండదు, రిఫ్లెక్సులు అణిగిపోతాయి. సగటున ఎ.ఎల్.ఎస్. కంటే కొంత నెమ్మది. మీ రిపోర్టులోని ప్రశ్నార్థకాలు ఈ రెంటి మధ్యే. దాని పక్కనే రాసిన 3+ ను మీరు పట్టించుకుని ఉండరు. సుత్తితో తట్టినప్పుడు చేయి మామూలు కంటే చురుగ్గా ఎగిరిందని దాని అర్థం. కరిగిపోయిన చేతిలో రిఫ్లెక్సు తగ్గిపోవాలి. తగ్గకుండా ఉండడమే వింత, మామూలు కంటే చురుగ్గా ఉండడం ఇంకా వింత. కుట్టేవాళ్లతో పాటు మాస్టరుకూ ఒంట్లో బాగాలేదని అది చెబుతుంది. అందువల్ల ఎ.ఎల్.ఎస్. వైపే మొగ్గు కనిపిస్తోంది. ఉత్తరం చూసి రోగనిర్ధారణ చేయడం తప్పు కాబట్టి మొగ్గు అనే మాట దగ్గరే ఆగుతాను.

అయితే ఆ ప్రశ్నార్థకం మీద మీరు పెట్టుకున్నంత బరువు అది మోయదు. పి.ఎం.ఎ. అని మొదలైనవారిలో కొందరికి ఏడాదీ రెండేళ్లలో పై వరస గుర్తులు కూడా బయటపడతాయి. మరణానంతరం పరీక్షించి చూస్తే, బతికుండగా పై వరస గుర్తులు కనిపించనివారిలో కూడా చాలామందికి ఆ దారి దెబ్బతినే ఉంది. అందుకే 2019లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్ నగరంలో నిపుణులు కూర్చుని నిర్ధారణ నియమాలను సులభం చేశారు. బలహీనత క్రమంగా పెరుగుతూ ఉండి, ఒకే ప్రాంతంలో రెండు వరసల గుర్తులూ ఉన్నా, లేదా కనీసం రెండు ప్రాంతాల్లో కింది వరస గుర్తులు ఉన్నా, వేరే కారణాలు లేవని తేలితే దాన్ని ఎ.ఎల్.ఎస్. కిందే లెక్క వేయవచ్చు. ఆ లెక్కన పి.ఎం.ఎ. చాలావరకు ఇదే ఇంట్లో మరో గది. మందు అదే, జాగ్రత్తలు అవే. ఫలానా పేరు తేలేవరకూ ఏమీ మొదలుపెట్టం అని కూర్చోవడమే నష్టం.

పై వరస ఒక్కటే చెడేది పి.ఎల్.ఎస్., ‘ప్రైమరీ లాటరల్ స్క్లీరోసిస్’. ఇది అరుదు. సాధారణంగా యాభై ప్రాంతంలో కాళ్లలో బిగుతుతో మొదలవుతుంది. కర్రకాళ్ల మీద నడిచినట్టు ఉంటుంది, మాట నెమ్మదిగా గొంతు నొక్కిపెట్టినట్టు వస్తుంది. కొందరికి అదుపులేని నవ్వు, ఏడుపు వస్తాయి. సంతోషం లేకుండా నవ్వుతారు, టీవీలో ఏదో మామూలు దృశ్యం చూసి వెక్కివెక్కి ఏడుస్తారు. ఇంట్లోవాళ్లు మతి చెడిందని భయపడతారు, అది మతికి సంబంధించింది కాదు, ఎ.ఎల్.ఎస్.లో కూడా రావచ్చు, దానికి మందులున్నాయి. పి.ఎల్.ఎస్. వచ్చినవారు దశాబ్దాలు బతుకుతారు. కానీ మొదటి రెండు, నాలుగేళ్లు గడిచి, కండ కరగడం లేదని చూసుకునేవరకూ ఆ పేరు ఖాయం చేయరు. మీ నాన్నగారికి కండ కరిగింది కాబట్టి ఇది ఆయనది కాదు. దీని పక్కన రాసిన పెద్ద అంకె చూసి ఆశ పెట్టుకోవద్దు.

నోట్లో మొదలయ్యేదాన్ని ‘ప్రోగ్రెసివ్ బల్బార్ పాల్సీ’ అంటారు. మాట ముద్దగా వస్తుంది, నీళ్లు తాగితే పొలమారుతుంది, నాలుక ముడతలు పడి అదురుతుంది. ఇది వయసు మళ్లిన ఆడవాళ్లలో కాస్త ఎక్కువ, వేగమూ ఎక్కువ. చాలాకాలం రెండు భుజాలకే పరిమితమయ్యే రకం ఒకటుంది. చేతులు రెండూ పక్కన వేలాడుతుంటాయి, మనిషి మాత్రం చక్కగా నడిచి వస్తాడు. అది సాధారణ రకం కంటే నెమ్మది. పిల్లల్లో వచ్చే ఎస్.ఎం.ఎ., ‘స్పైనల్ మస్క్యులర్ ఎట్రోఫీ’, పూర్తిగా వేరే కథ. అయిదో క్రోమోజోమ్ మీద ఎస్.ఎం.ఎన్.1 అనే జన్యువు లోపించడం వల్ల వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ జబ్బు లేకుండా ఆ లోపాన్ని మోసే వాహకులైతేనే బిడ్డకు వచ్చే అవకాశం, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు. మనలో మేనరికాలు ఇంకా మానలేదు కాబట్టి ఈ మాట చెప్పక తప్పదు. 2016 నుంచి దానికి మందులు వచ్చాయి, ఖరీదు సామాన్యుడికి అందదు. ఈ పట్టికలో మందు వల్ల రాత మారిన జబ్బు అదొక్కటే.

నెట్ పట్టికలో చిట్టచివర ఉండే కెనడీ జబ్బు గురించి మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే మీ నాన్నగారి వయసు మగవాళ్లలో డాక్టర్లు పొరబడేది దీని దగ్గరే. 1968లో విలియం కెనడీ వర్ణించిన ఈ జబ్బు మగవాళ్లకే వస్తుంది. ముప్పై, యాభై ఏళ్ల మధ్య చేతులు వణకడం, కండరాలు పట్టేయడంతో మొదలై, నెమ్మదిగా తొడలు, భుజాలు బలహీనపడతాయి. గడ్డం, పెదవుల చుట్టూ అదురు ఎక్కువ. రొమ్ములు ఉబ్బుతాయి, చెప్పుకోవడానికి మొహమాటపడి చాలామంది డాక్టరుకు చూపించరు. రిఫ్లెక్సులు ఎగిరిపడవు. ఆయుష్షు దాదాపు అందరిలాగే ఉంటుంది. ఎక్స్ క్రోమోజోమ్ మీద జన్యువు కాబట్టి ఆ తండ్రి కొడుకులకు రాదు, కూతుళ్లందరూ వాహకులవుతారు. 3+ చూస్తే మీ నాన్నగారిది ఇది కాదనిపిస్తుంది. కానీ పైన చెప్పిన గుర్తుల్లో ఏది ఉన్నా డాక్టరుకు చెప్పండి, రక్తంతో చేసే జన్యుపరీక్ష ఒక్కదానితో తేలిపోతుంది.

ఇక మీ పెదనాన్న కొడుకు. అతనికి వచ్చింది దాదాపుగా హిరయామా జబ్బే అయి ఉంటుంది. జపాన్ వైద్యుడు కెయిజో హిరయామా 1959లో దీన్ని బయటపెట్టాడు. మన దేశంలో 1984లో బెంగళూరు నుంచి గౌరీదేవి, ఆమె సహచరులు ఒకే చేయి లేదా ఒకే కాలు సన్నబడి ఆగిపోయే రకాన్ని వర్ణించారు. ఎదిగే వయసు మగపిల్లల్లో, పదిహేను నుంచి ఇరవై అయిదేళ్ల మధ్య, ఒక చేయి, ముంజేయి సన్నబడతాయి. చలికాలం వేళ్లు మరీ మొరాయిస్తాయి. తల ముందుకు వంచినప్పుడు వెన్నుపాము చుట్టూ ఉన్న పొర ముందుకు జరిగి, వెన్నుపామును ఎముకకు అదమడం దీనికి కారణమని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అందుకే మెడ వంచి ఎమ్మారై తీయాలి, తిన్నగా పడుకోబెట్టి తీస్తే తెలియకపోవచ్చు. మొదట్లోనే పట్టుకుంటే మెడ వంగకుండా పట్టీ వేయించి ఆపే ప్రయత్నం చేస్తారు. కొన్నేళ్లు ముదిరి దానంతట అదే ఆగిపోతుంది.

యాభై తొమ్మిదేళ్ల మనిషికి, రెండు చేతులకూ, తొడల్లో అదురుతో వచ్చింది ఇది కాదు. ఇలా చెప్పడం నాకు కష్టంగానే ఉంది, మీ ఇల్లంతా ఆ ఒక్క పోలిక మీద నిలబడి ఉందని తెలుసు. ఇందులో మీకు ఒక మంచి వార్త కూడా ఉంది. హిరయామా చాలావరకు వంశపారంపర్యం కాదు, కాబట్టి అన్నకూ నాన్నకూ వచ్చినవాటిని కలిపి మా ఇంటి రక్తంలోనే ఏదో ఉంది అనుకోవాల్సిన పని లేదు.

దక్షిణాదివాళ్లం కనుక ‘మద్రాస్ మోటార్ న్యూరాన్ జబ్బు’ పేరు కూడా మీకు తగిలి ఉంటుంది. 1970లో మద్రాసు వైద్యులు మీనాక్షిసుందరం, జగన్నాథన్, రామమూర్తి వర్ణించారు. ముప్పై లోపు వయసులో మొదలై, చేతులు కాళ్లు సన్నబడి, ముఖం, నాలుక బలహీనపడి, వినికిడి పోతుంది. చాలా నెమ్మదిగా నడుస్తుంది. చెవుడు లేకుండా, అరవై దగ్గరపడ్డాక మొదలైతే ఈ పేరు అక్కరలేదు.

మెడ ఆపరేషన్ చెప్పిన డాక్టరు మీద కోపం పెట్టుకోకండి. మెడలో వెన్నుపాము నొక్కుకుపోతే, నొక్కుకున్న చోట కింది వరస గుర్తులు, దాని కింద కాళ్లలో పై వరస గుర్తులు వస్తాయి. అచ్చం ఎ.ఎల్.ఎస్. వేషమే. అందులోనూ యాభై దాటినవారి మెడ ఎమ్మారైలో ఎంతో కొంత అరుగుదల కనిపించకపోవడమే అరుదు. తల కిందికి వంచి జీవితమంతా కుట్టిన మనిషి మెడ ఇంకెలా ఉంటుంది? మెడ జబ్బు నాలుకను అదిరించదు, దవడ రిఫ్లెక్సును ఎగరనివ్వదు, తొడ కండలను కరిగించదు. ఆ సూది పరీక్షలో తొడ, వీపు, నాలుక కండలు కూడా చూశారో లేదో రిపోర్టులో చదవండి. ఇంకొకటి కూడా అడగండి: నరాల్లోకి కరెంటు పంపి చేసే పరీక్షలో ఎక్కడైనా నరం మధ్యలో ప్రసారం ఆగిపోయిందా? ‘మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతీ’ అనే జబ్బు కూడా తిమ్మిరి లేకుండా చేతులను బలహీనం చేస్తుంది, కానీ దానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్లతో బలం తిరిగి వస్తుంది. పట్టుకోకుండా వదిలేస్తే పాపం తగిలేది దీన్నే. బి12, థైరాయిడ్, కండ దెబ్బతింటే పెరిగే సి.కె. వంటి రక్తపరీక్షలు ఎలాగూ చేసే ఉంటారు.

మీకు, మీ పిల్లలకు వస్తుందా అన్నారు. ఎ.ఎల్.ఎస్. వచ్చినవారిలో వందకు అయిదు నుంచి పదిమందికే కుటుంబంలో మరొకరికి ఉంటుంది. మిగిలినవారిలో ఎక్కువమందికి ఎందుకు వచ్చిందో సైన్సు ఇంకా చెప్పలేకపోతోంది. నాన్నగారి తల్లిదండ్రుల్లో, తోడబుట్టినవారిలో ఇలాంటి బలహీనతతో గానీ, అరవై లోపు మతిమరుపు, స్వభావం మారిపోవడంతో గానీ ఎవరైనా పోయారా అని పెద్దవాళ్లను అడగండి. రెండోది ఎందుకంటే, కొన్ని కుటుంబాల్లో ఒకే జన్యువు ఒకరికి ఎ.ఎల్.ఎస్., మరొకరికి ఆ రకం మతి జబ్బు తెస్తుంది. అలాంటి చరిత్ర లేకపోయినా నాన్నగారికి జన్యుపరీక్ష చేయించడం మంచిదేనని నా అభిప్రాయం. ఎస్.ఓ.డి.1 అనే జన్యువులో దోషం ఉన్నవారికి మాత్రమే పనిచేసే మందు ఒకటి 2023లో అమెరికాలో అనుమతి పొందింది. మన ఊళ్లో ఉప్పల్‌లోని డి.ఎన్.ఏ. పరీక్షల సంస్థ సి.డి.ఎఫ్.డి., పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి కలిసి అరుదైన జబ్బులకు కేంద్రప్రభుత్వం గుర్తించిన విశిష్ట కేంద్రంగా పనిచేస్తున్నాయి. నిమ్స్‌లో న్యూరాలజీ వాళ్లనే జన్యువైద్య విభాగానికి చీటీ రాయమనండి. నాన్నగారి పరీక్ష తేలకుండా మీరు, పిల్లలు పరీక్ష చేయించుకోవద్దు, అర్థం ఉండదు.

ఆయుష్షు అంకెలు మీరు చదివే ఉన్నారు, దాచి లాభం లేదు. ఎ.ఎల్.ఎస్.లో మొదటి లక్షణం కనిపించిన నాటి నుంచి సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లు అంటారు. పదిమందిలో ఒకరు పదేళ్లు దాటతారు. ఇవి ఎక్కువగా పాశ్చాత్య దేశాల లెక్కలు. బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు 1,153 మందిని పరిశీలించి 2008లో ప్రచురించిన నివేదికలో జబ్బు మొదలైన సగటు వయసు 46 దగ్గర ఉంది, బతికిన కాలం ఆ లెక్కల కంటే బాగా ఎక్కువ. చిన్న వయసులో వస్తే నెమ్మదిగా నడవడం దీనికి ఒక కారణం కావచ్చు. ఇంటికి వచ్చిన బంధువులు ఎవరో ఒకరు స్టీఫెన్ హాకింగ్ పేరు తప్పకుండా చెబుతారు. ఆయనకు 21వ ఏట, 1963లో బయటపడింది, 2018 దాకా బతికారు. విని తలూపండి, లెక్కలోకి తీసుకోకండి. మీ నాన్నగారి అంకెను ఏ పట్టికా చెప్పదు. ఈ ఎనిమిది నెలల్లో ఎంత పాకిందో, రాబోయే మూడు నెలల్లో ఎంత పాకుతుందో అదే చెబుతుంది.

అందుకని చూడాల్సినవి రెండు: ఊపిరి, ముద్ద. చేతులు ఎంత బలహీనపడ్డా ప్రాణానికి ముప్పు లేదు. ఊపిరి తీసే కండరాలు బలహీనపడితేనే ముప్పు, అది ఆయాసంగా బయటపడకముందే నిద్రలో మొదలవుతుంది. వెల్లకిలా పడుకోలేక దిండ్లు పెంచుకోవడం, పొద్దున్నే తలనొప్పి, పగలంతా కునికిపాట్లు గమనించండి. ప్రతి మూడు నెలలకూ ఊపిరి కొలిచే పరీక్ష చేయించండి. తగ్గుతుంటే రాత్రుళ్లు మాస్కు ద్వారా గాలి అందించే బైపాప్ యంత్రం పెట్టిస్తారు. ‘యంత్రం పెట్టారంటే ఇక అయిపోయినట్టే’ అని మనవాళ్లు భయపడి ఆలస్యం చేస్తారు. 2006లో బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో, మింగడం పెద్దగా చెడనివారికి ఆ మాస్కు ఆయుష్షును సుమారు ఏడు నెలలు పెంచింది. ఈ జబ్బుకు వాడే రిలుజోల్ మాత్ర ఇచ్చేది రెండు, మూడు నెలలు. మాత్ర కోసం పరిగెత్తి మాస్కు వద్దనడం నాకెప్పుడూ అర్థం కాదు.

మాత్ర కూడా వేయండి, ఉదయం, సాయంత్రం 50 మిల్లీగ్రాములు, అప్పుడప్పుడు కాలేయ పరీక్షతో. పల్చటివి ముందు పొలమారతాయి, నీళ్లు, చారు, మజ్జిగ. మెత్తగా కలిపిన పప్పన్నం, పెరుగన్నం సులభంగా దిగుతాయి. గడ్డం కాస్త కిందికి వంచి మింగమనండి. బరువు తగ్గనివ్వకండి, నెయ్యి వేయండి, షుగరు లేకపోతే పథ్యాలన్నీ పక్కన పెట్టండి. మింగడం కష్టమవుతోందని తెలిశాక పొట్టలోకి గొట్టం వేయించుకోవాలా అన్న నిర్ణయం, ఊపిరి సామర్థ్యం సగానికి పడిపోకముందే తీసుకోవాలి. ఆ తర్వాత ఆ చిన్న ప్రక్రియే ప్రమాదం అవుతుంది.

మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్స పేరుతో లక్షలు అడిగేవాళ్లు మీ ఫోను నంబరు ఎలాగో సంపాదిస్తారు. భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల ప్రకారం ఈ జబ్బుకు డబ్బు తీసుకుని మూలకణాలు ఎక్కించడం అనుమతి ఉన్న చికిత్స కాదు. షాపు తాకట్టు పెట్టకండి.

నాన్నగారికి ‘నరాల బలహీనత’ అని చెప్పామన్నారు. బస్టాండు గోడల మీద రాసి ఉండే మాట అది. బలానికి ఇంజెక్షన్ వేయించుకుంటే తగ్గుతుందని ఆయన ఎదురుచూస్తారు, తగ్గకపోతే తన తప్పేదో ఉందనుకుంటారు. నా దగ్గరకు ఒక పెద్దాయనను తీసుకొచ్చి, పిల్లలు ముందే లోపలికి వచ్చి ‘నాన్నకు చెప్పకండి’ అని బతిమాలారు. తర్వాత ఆయనను ఒంటరిగా చూస్తుంటే, ‘పిల్లలకు తెలియదు డాక్టరుగారూ, వాళ్లకు చెప్పకండి’ అన్నాడు. ముప్పై అయిదేళ్లకు పైగా ఒకే చేత్తో అన్నం సంపాదించిన మనిషికి ఆ చెయ్యి సంగతి మీకంటే ముందు తెలుసు. ఒకేసారి అన్నీ చెప్పనక్కరలేదు. ‘ఈ జబ్బు గురించి మీకేం తెలుసుకోవాలని ఉంది నాన్నా?’ అని అడగండి, ఆయన ఎంతవరకు అడిగితే అంతవరకు చెప్పండి, మీ డాక్టరును పక్కన ఉంచుకుని. గొట్టం, మాస్కు, చివర్లో వెంటిలేటరు కావాలా వద్దా అన్నవి ఆయన నిర్ణయాలు. ఆ ముందస్తు నిర్ణయాన్ని కాగితం మీద పెట్టే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. ఆయన మాట ఇంకా స్పష్టంగా ఉంది కదా, ఫోనులో ఆయన గొంతు రికార్డు చేసి పెట్టండి. మనవల పేర్లు పిలిపించండి, ఏదో ఒకటి చెప్పించండి.

షాపు మూయొద్దు. చేయి అలసిపోయేదాకా పని చేయకూడదు, అంతే. బరువైన ఇనుప కత్తెర పక్కన పెట్టి కరెంటు కత్తెర కొనండి, లేదా కత్తిరింపు పనివాడికి అప్పగించండి. కొలతలు తీయడం, సుద్దతో గీతలు పెట్టడం, పక్కన కూర్చుని ఇంకొకరికి నేర్పడం ఆయన ఇంకా చేయగలరు, సుద్దకు లావుపాటి పట్టు ఒకటి చుట్టండి చాలు. మెట్లున్న షాపైతే కింది అంతస్తులో చోటు ఇప్పుడే చూసుకోండి, కాళ్లు బలంగా ఉన్నప్పుడే. కాజాలు మాత్రం బయట ఇచ్చేయండి.